వల సీసమా, అచ్చు సీసమా

చీమలకొండ,
22-10-1979.

గెడ్డం సూరమ్మ అనే నేను, కాలం చేసిన గెడ్డం చిట్టియ్య గారి భార్యని, వయసు అరవై తొమ్మిది. పాస్టరు గారి పుస్తకంలో డెబ్భై రెండు ఉంది. అది ఆయన చేతిరాత, నా వయసు కాదు. కాపురం తుని తాలూకా చీమలకొండ. ఇంట్లో నేను, మొగుడు పోయి నా దగ్గరే ఉంటున్న నా కూతురు సంపూర్ణమ్మ, మూడు మేకలు, లైసెన్సున్న తుపాకీ ఒకటి. రాజమండ్రి అచ్చాఫీసులో కంపోజిటరుగా ఉన్న మా మరిది రాజరత్నానికి చెప్పి రాయిస్తున్న ఉత్తరం ఇది.

ఉత్తరానికి ఇంత హంగు ఎందుకంటావేమో. పోయినసారి మామూలుగా రాయిస్తే, "అలా అని నేననలేదు వదినా" అని జారుకున్నావు. కలెక్టరాఫీసుకి అర్జీలు రాయించి రాయించి నాకో సంగతి తెలిసింది. పేరూ వయసూ చెప్పి, కింద వేలిముద్ర వేసి, పక్కన సాక్షిని నిలబెడితే ఎంత గొప్పవాడైనా దారికొస్తాడు. నువ్వంత గొప్పవాడివి కూడా కాదు.

నువ్వూ ప్రసన్నకుమారీ బాగున్నారని తలుస్తాను. మొన్న ఏప్రిల్లో నువ్వు కట్టించిన పళ్ళు బాగానే ఉన్నాయి. గుడికి పెట్టుకెళ్తున్నాను. కీర్తన పాడేటప్పుడు టకటకమంటున్నాయని పాస్టరమ్మ గారు అన్నారు. ఆవిడ పాడేటప్పుడు ఏ చప్పుడూ అడ్డం రాకపోయినా అంతకన్నా బాగుండదని చెప్పాను.

ఇక అసలు సంగతి. ఎకరంన్నర కర్రపెండలం వేశాం. జనవరిలో తవ్వి పెద్దాపురం సగ్గుబియ్యం మిల్లుకి లారీకెత్తాలి. ఈ ఇంటికి ఏడాది తిండి అదే. దాని మీద ఒంటి పందొకటి పడింది. పొద్దు గుంకే వేళకి కొండ దిగుతుంది. సాలు పొడుగునా ముట్టెతో దున్నుకుంటూ పోతుంది. తినే దుంప తిని, తినలేనిది కొరికి పారేస్తుంది. పాస్టరు గారు ఇంటింటికీ భోజనానికి వెళ్ళినట్టు ఒక్క వరస తప్పకుండా వస్తోంది. ఈ మాట రాయనన్నారు ఈ ఉత్తరం రాసిపెడుతున్న ఏసుపాదం మాస్టారు. రాయకపోతే దుంపలు పంపనన్నాను. రాశారు.

తుపాకీ ఉంది. పంట మీద పడ్డ జంతువుని కొట్టుకోవచ్చని కాగితమూ ఉంది. మీ అన్న పోయాక దాన్ని నా పేరు మీద రాయించుకోడానికి కాకినాడ మూడుసార్లు తిరిగాను. "నీకు కాల్చడం వచ్చా" అన్నాడు అక్కడి గుమాస్తా. "మీ ఆవిడకి వంటొచ్చని కాగితం చూసే చేసుకున్నారా" అన్నాను. కాల్చడం వచ్చు. గుండ్లే లేవు. మీ అన్న పోసిపెట్టినవి డబ్బాలో ముప్ఫైకి పైన ఉండేవి. ఈ ఐదేళ్ళలో అయిపోయాయి. రాతి అచ్చుంది, గరిటె ఉంది, తుపాకీ మందుంది. సీసం కావాలి.

నాకు కావలసింది వల సీసం. ధవళేశ్వరంలో జాలరులు వల అంచుకి కట్టే గుండ్లు. అది మెత్తన. మీ అన్న ఎప్పుడూ అదే పోసేవాడు. పోశాక ఒకటి తీసి దవడ కింద పెట్టి కొరికేవాడు. పంటి గాటు పడితే మంచి గుండు. పడకపోతే మళ్ళీ మూకుట్లోకే. మెత్తని గుండు పంది ఒంట్లోకి దిగాక విచ్చుకుంటుంది, పంది అక్కడే పడుతుంది. గట్టి గుండు సూదిలా ఇటునుంచి అటు పోతుంది. పంది పారిపోయి, పుండు పెట్టుకుని, పిచ్చెక్కి తిరిగొస్తుంది. డెబ్భై ఒకటిలో అదే అయింది. నువ్వు ప్రెస్సు నుంచి పంపిన అరిగిన అచ్చు అక్షరాలు కలిపి పోసిన గుండు అది. దెబ్బ తగిలిన పంది నాలుగో రోజు వచ్చి మన ఊరి సత్తియ్య కాలు విరిచింది. సత్తియ్య ఇవాళ్టికీ కర్ర పట్టుకునే నడుస్తున్నాడు. ఆ పాపం నీ అక్షరాలదని ఎనిమిదేళ్ళుగా ఊరందరికీ చెబుతున్నాను. ఇప్పుడు నీకూ చెబుతున్నాను.

కాబట్టి మూడు కేజీల వల సీసం తుని బస్సు కండక్టరుకిచ్చి పంపు. అందులో ఒక్క అక్షరం ఉన్నా నాకు తెలిసిపోతుంది. చదువు రాకపోయినా తెలుస్తుంది.

గెడ్డం సూరమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షి: సంపూర్ణమ్మ. రాసినవారు: ఏసుపాదం.


రాజమండ్రి,
29-10-1979.

పూజ్యులైన వదినగారికి మరిది రాజరత్నం, తోటికోడలు ప్రసన్నకుమారి వందనాలు.

మీ ఉత్తరం సాక్షితో సహా అందిందండి. టేబుల్ మీద విప్పితే మా ఫోర్‌మన్ చూసి, ఎవరిమీద కేసండీ అని అడిగారు. నా మీదేనన్నాను. ఏసుపాదం మాస్టారికి నా నమస్కారాలు చెప్పండి. ఆయన రాసిన దాంట్లో తప్పులు పదకొండు ఉన్నాయి. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను, ఏమీ అనుకోవద్దనండి.

సీసం విషయం. పెద్దవారు, మీరు చెప్పినట్టే చేస్తాను. కానీ నా మాట కూడా ఒకటి వినండి. ముప్ఫై నాలుగేళ్ళుగా నా చేతులు సీసంలోనే ఉన్నాయి. వల సీసం ఉత్త సీసం. అచ్చు సీసంలో తగరమూ, యాంటిమనీ అని ఇంకో ఖనిజమూ కలుస్తాయి. అందుకే అక్షరం వెయ్యి కాగితాలు గుద్దినా మొన అరగదు. పంది భుజం మీద తోలు మామూలు తోలు కాదండి, దాని కింద అరచేతి మందాన గట్టి కండ పలకలా ఉంటుంది. ఉత్త సీసం దానిమీద పడి పెనం మీద దోసెలా పరుచుకుంటుందేగాని లోపలికి దిగదు. పదికి ఒకటి చొప్పున అచ్చు సీసం కలిపితే దిగుతుంది, దిగాక విచ్చుకుంటుంది కూడా. డెబ్భై ఒకటిలో నేను అన్నయ్యకి చెప్పింది ఇదే. పదికి ఒకటి. ఆ గుండు గాజుగోలీలా ఎందుకైందో నాకు ఈ రోజుకీ అంతుబట్టదు. సత్తియ్య పేరు విన్నప్పుడల్లా అన్నం సయించదు.

అయినా మీరు వద్దన్నారు గనక అక్షరాలు పంపను. ఆదివారం ఆరాధన అవగానే ధవళేశ్వరం వెళ్ళాను. వలలు అల్లే వెంకటరత్నం అనే ఆయన దగ్గర పాత గుండ్లు మూడు కేజీలు తీసుకున్నాను. నా ఎదురుగానే వలనుంచి కత్తిరించి ఇచ్చాడు. ఇంకా చేపల వాసన పోలేదు. బస్సులో పక్కనున్నాయన లేచి వెళ్ళి నిలబడ్డాడు.

కొత్త పళ్ళతో గట్టివి నమలకండి. ఆ డాక్టరు చెప్పింది గుర్తుందనుకుంటాను.

మీ మరిది,
రాజరత్నం.


చీమలకొండ,
8-11-1979.

గెడ్డం సూరమ్మ అనే నేను, వయసు మొన్న చెప్పిందే, ఇల్లూ అదే, మేకల్లో ఒకటి ఈనింది. మరిది రాజరత్నానికి రాయించేది.

సంచి అందింది. చేపల వాసన కూడా అందింది. వాసన పూసి మోసం చేస్తావని అనుకోలేదు.

సీసం కరగబెట్టి ఆరు గుండ్లు పోశాను. చల్లారాక ఒకటి తీసుకుని, మీ అన్న చేసినట్టే దవడ మీద పెట్టి, కళ్ళు మూసుకుని కొరికాను. తీసి చూస్తే గీత లేదు. గాటు లేదు. పోసినది పోసినట్టే మెరుస్తోంది. రెండోది కొరికాను, అంతే. ఆరూ కొరికాను. సంపూర్ణమ్మ, "అమ్మా, జీడిపప్పు తింటున్నావేంటి" అంది.

నీ ఎత్తు నాకు అర్థమైంది. అక్షరాలు పంపనని రాశావు. ఎందుకు పంపుతావు, ముందే కరిగించి గుండ్లలో కలిపి, పైన చేపల వాసన పట్టించి పంపావు. పదికి ఒకటి అన్న నీ మాట నెగ్గాలి. ముసలిది చదువుకోనిది, దీనికేం తెలుస్తుందిలే అనుకున్నావు. చదువుకోనిదాన్నే, నోరుంది.

ఆదివారం గుడిలో ప్రార్థన మనవులేమైనా ఉన్నాయా అని పాస్టరు గారు అడిగారు. లేచాను. సొంత వదినకి దొంగ సీసం పంపిన కంపోజిటరు ఒకడున్నాడు, వాడి చేతుల కోసం ప్రార్థన చెయ్యండి అన్నాను. పేరు చెప్పలేదు. ఈ సంఘంలో కంపోజిటరు ఉన్న ఇల్లు మనదొక్కటే అయితే అది నా తప్పా.

ఇక్కడ సంగతి ఏమంత బాగాలేదు. పంది పద్నాలుగు సాళ్ళు తవ్వేసింది. సత్తియ్య టపాసులు కాలిస్తే కాసేపు ఆగి విని మళ్ళీ తవ్వుకుంది. ఇదిలా ఉండగా నిన్న స్టేషన్ నుంచి కానిస్టేబులు వచ్చాడు. ఎలక్షన్లట. లైసెన్సు తుపాకులన్నీ డిసెంబరు ఐదో తారీకులోగా స్టేషన్లో అప్పజెప్పాలట. మళ్ళీ ఎప్పుడిస్తారంటే, అంతా సద్దుమణిగాక అన్నాడు. అప్పటికి పొలంలో పందికీ నాకూ పని ఉండదు.

గట్టి గుండు నేను పెట్టను. పంది మిగిలిన పొలమంతా తిన్నా సరే, ఇంకొకరి కాలు నా తుపాకీ వల్ల విరగకూడదు. ఈసారి నిజం సీసం పంపు.

గెడ్డం సూరమ్మ, వేలిముద్ర. కోపం మీద కొంచెం అలుక్కుంది.
సాక్షి: సంపూర్ణమ్మ. రాసినవారు: ఏసుపాదం. తప్పులు పదకొండు కావు, తొమ్మిదేనని మాస్టారు చెప్పమన్నారు.


రాజమండ్రి,
14-11-1979.

వదినగారికి రాజరత్నం వందనాలు.

మీ ప్రార్థన ఫలించిందండి. తుని సభలకి వెళ్ళినవాళ్ళు అది విని రాజమండ్రి మోసుకొచ్చారు. సోమవారం సాయంత్రం నేను ప్రెస్సు గేటు దాటుతుంటే మేనేజరు గారు ఆపి, రాజరత్నం, ఏమీ అనుకోకు, ఒకసారి క్యారేజీ విప్పు అన్నారు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నా క్యారేజీ ఎవరూ విప్పలేదు. పై గిన్నెలో అన్నం మెతుకులు, కింది గిన్నెలో తోటకూర కాడలు కనిపించాయి. ఆయన సిగ్గుపడ్డారు. నేను ఆయనకన్నా ఎక్కువ సిగ్గుపడ్డాను.

వదినా, ప్రమాణం చేసి రాస్తున్నాను. ఆ సీసంలో నేనేమీ కలపలేదు. పంపేముందు గోటితో గీసి చూశాను, గీత పడింది. ప్రసన్నకుమారి కూడా గీసింది. మీ ఊళ్ళోకి వచ్చాక అది గట్టిపడిందంటే మీ మూకుడులో ఏదో ఉంది. మాట్లేసిన మూకుడా అది. మాటు లోహం కరిగి కలిసిందేమో చూసుకోండి. లేకపోతే మీ నీళ్ళలో ఏదైనా ఉందేమో. మనిషికి లేని మెత్తదనం సీసానికి మాత్రం ఎక్కడినుంచి వస్తుంది.

ఆ చివరి మాట రాశాక కొట్టేద్దామనుకున్నాను. ఉంచాను.

ఇంకో సంగతి. నేను దొంగనని మీరు ఎలాగూ తీర్పు చెప్పారు. చెయ్యని పనికి మాట పడడంకన్నా చేసి పడడం మేలనిపించింది. మేనేజరు గారిని అడిగి, కాగితం మీద సంతకం పెట్టించుకుని, అరిగిపోయిన అక్షరాలు ఒక కేజీ పంపుతున్నాను. ఇవి అచ్చు సీసం. ఇలా ఉంటుంది అచ్చు సీసం. పక్కపక్కన పెట్టి చూసుకోండి. పదికి ఒకటి కలుపుతారో, పొలంలో చల్లుతారో మీ ఇష్టం.

ఇక్కడ అందరూ బాగున్నారు. నేను కాదు.

రాజరత్నం.


చీమలకొండ,
22-11-1979.

గెడ్డం సూరమ్మ అనే నేను మరిదికి రాయించేది.

నీ అక్షరాల సంచి చేరింది. పక్కపక్కన పెట్టి చూడమన్నావు. చూశాను. ఇక నువ్వు తప్పించుకోలేవు.

ముందు మూకుడు సంగతి. అది మీ అన్న మూకుడు. మాటు లేదు. నీళ్ళ సంగతంటావా, ఈ నీళ్ళు తాగే నువ్వు పదహారేళ్ళు వచ్చేదాకా పెరిగావు. గట్టిపడ్డావేమో నువ్వే చెప్పు.

ఇప్పుడు పరీక్ష ఎలా చేశానో విను. వాకిట్లో పీట వేసుకుని కూర్చున్నాను. కుడి పక్క నువ్వు మొదట పంపిన సీసం, ఎడమ పక్క అక్షరాలు. మాస్టారు చూస్తున్నారు. అక్షరాలు చేత్తో పట్టుకోవడం నాకు ఇంత వయసులో మామూలు సంగతి కాదు. ఇంత చిన్నవి ఇవి, వీటికోసమా బళ్ళో పిల్లల్ని కొట్టి చంపుతారు అన్నాను. ఒక అక్షరం తీసి దవడ మధ్య పెట్టి గట్టిగా కొరికాను. గాటు పడలేదు. కొరికిన ఊపుకి పై పళ్ళ సెట్టు జారి ఒళ్ళో పడింది. కడుక్కుని మళ్ళీ పెట్టుకున్నాను. ఇప్పుడు నీ వల సీసం గుండు కొరికాను. గాటు పడలేదు. సెట్టు మళ్ళీ జారింది.

రెండూ ఒక్కలాగే ఉన్నాయి. కుడి చేతిదీ ఎడమ చేతిదీ ఒకే లోహం. నువ్వు మొదటిసారి పంపింది అచ్చు సీసమే అనడానికి నువ్వే సాక్ష్యం కట్టి పంపుకున్నావు. ఇంత తెలివితక్కువ దొంగని మా వంశంలో చూడలేదు. మీ వంశంలో చూస్తున్నాను.

క్యారేజీ విప్పించిన సంగతి విని సంపూర్ణమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు. కానీ ఆ రోజు అన్నం తినేటప్పుడు తోటకూర నోట పెట్టలేకపోయాను. అదీ ఇదీ వేరు. నిజం నిజమే.

పంది ఇరవై నాలుగో సాలు మీద ఉంది. మొత్తం అరవై సాళ్ళు. ఈ లెక్కన తుపాకీ స్టేషన్లో ఉండగా అది మిగతాదీ ముగిస్తుంది. నిన్న సాయంత్రం గట్టు మీద నిలబడి చూశాను. ముప్ఫై అడుగుల్లో నిలబడి నా వైపు చూసింది. తుపాకీ నా చేతిలో ఉంది, గుండు నా ఒళ్ళో ఉంది. నమ్మకం లేని గుండు ఎలా పెట్టను. మెల్లగా తిరిగి, తోక ఊపుకుంటూ పోయింది. ఇంత అవమానం నాకు కాకినాడలో కూడా జరగలేదు.

గెడ్డం సూరమ్మ, వేలిముద్ర.
సాక్షులు: సంపూర్ణమ్మ, ఏసుపాదం మాస్టారు. పరీక్ష ఆయన కళ్ళారా చూశారు గనక రాసినవారే సాక్షి కూడా.


రాజమండ్రి,
27-11-1979.
ఎక్స్‌ప్రెస్ డెలివరీ.

వదినగారికి రాజరత్నం వందనాలు.

మీ ఉత్తరం ప్రసన్నకుమారి చదువుతోంది, నేను కోపంతో కళ్ళు మూసుకుని వింటున్నాను. "పై పళ్ళ సెట్టు జారి ఒళ్ళో పడింది" దగ్గర ఆవిడ ఆగింది. నేను కళ్ళు తెరిచాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

వదినా, మీరు గుండ్లు కొరికింది ఏ పళ్ళతో అండి.

చొక్కా తొడుక్కుని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాడు, కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న పేషెంటు కూడా తెరిచిన నోటితోనే నవ్వాడు. తర్వాత డాక్టరు చెప్పిందిది. కట్టుడు పళ్ళు చిగుళ్ళమీద ఊరికే కూర్చుని ఉంటాయి. సొంత పంటి బలంలో నాలుగోవంతు కూడా వాటికుండదు. గట్టిగా నొక్కితే పళ్ళు జారతాయేగాని సీసంలో దిగవు. ఉత్త సీసమైనా, అచ్చు సీసమైనా, ఇనుమైనా ఆ పళ్ళకి ఒకటే. అన్నయ్యవి సొంత పళ్ళు. చనిపోయే రోజు దాకా చెరుకు నమిలారు. ఆయన కొలత ఆయన నోటితోనే పోయింది.

వల సీసాన్ని బొటనవేలి గోటితో గీయండి. తర్వాత అక్షరాన్ని గీయండి. లేదా సంపూర్ణమ్మ చేత కొరికించండి. నేను చెప్పింది నమ్మక్కర్లేదు, మీ ఊళ్ళో సొంత పళ్ళున్నవాళ్ళు ఎవరైనా చాలు.

నేను క్షమాపణ అడగమనడం లేదు. ఐదో తారీకుకి ఎనిమిది రోజులే ఉన్నాయి. అందుకే ఎక్స్‌ప్రెస్ పెట్టాను. ఇరవైకి ఒకటైనా అక్షరాలు కలపండి అనే ఇప్పటికీ అంటాను. అది మాత్రం మానను. కానీ గుండు పెట్టేది మీరు, ఎదురు నిలబడేది మీరు. నిర్ణయం మీదే.

దగ్గరికి పోకండి.

మీ మరిది,
రాజరత్నం.


చీమలకొండ,
6-12-1979.

గెడ్డం సూరమ్మ అనే నేను, కాలం చేసిన గెడ్డం చిట్టియ్య గారి భార్యని, వయసు డెబ్భై రెండు. పాస్టరు గారి పుస్తకమే నిజం. ఇవాళ అన్నీ నిజాలే చెప్పాలని కూర్చున్నాను గనక అక్కడినుంచే మొదలుపెట్టాను. కాపురం చీమలకొండ. ఇంట్లో నేను, సంపూర్ణమ్మ, నాలుగు మేకలు. తుపాకీ నిన్న స్టేషన్లో అప్పజెప్పాను.

మరిదీ, నీ ఉత్తరం గురువారం మధ్యాహ్నం వచ్చింది. మాస్టారు చదివారు. చదివి గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఆయన భుజాలు ఊగుతున్నాయి. నేను లోపలికి వెళ్ళి, నువ్వు పంపిన గుండొకటి తీసి గోటితో గీశాను. గీత పడింది. అక్షరాన్ని గీశాను, నా గోరు విరిగింది. అయినా నమ్మబుద్ధి కాలేదు. సంపూర్ణమ్మ చేత కొరికించాను, మాస్టారి చేత కొరికించాను, సత్తియ్యని పిలిచి అతని చేతా కొరికించాను. ముగ్గురివీ గాట్లు పడ్డాయి. ముగ్గురూ కొరికిన ఆ గుండు చూస్తే ఎలక కొట్టిన జామకాయలా ఉంది.

తప్పు నాదని నేననడం లేదు. తప్పు పళ్ళది. పళ్ళు కట్టించింది నువ్వు. ఆ లెక్క అక్కడితో సరి.

ఇక ఏ సీసం పెట్టాలా అని రెండు రోజులు ఆలోచించాను. ఉత్తదా, ఇరవైకి ఒకటా. నీ మాటలోనూ కొంత ఉంది. పంది భుజం గట్టిదే, దూరం నుంచి కొడితే మెత్తని గుండు దానిమీద చచ్చిపోతుంది. అందుకని దూరం నుంచి కొట్టకూడదనుకున్నాను. సీసంలో గట్టిదనం కలిపే బదులు నేనే నాలుగడుగులు ముందుకు వేస్తే సరిపోతుంది. నువ్వు దగ్గరికి పోవద్దన్నావు. అది నేను చూసుకున్నాను, చదివించుకున్నాను, పక్కన పెట్టాను.

నాలుగో తారీకు, పొద్దు ఇంకా కొండమీదే ఉంది. ముప్ఫై రెండో సాలు దగ్గర పాతిన తాటిమట్టల చాటున కూర్చున్నాను. సత్తియ్య వద్దన్నా వచ్చి వెనకాల కూర్చున్నాడు. "నీ కాలికి పరుగు రాదు కదరా" అంటే, "నీకు మాత్రం వచ్చా సూరమ్మత్తా" అన్నాడు. పంది వచ్చింది. ముట్టె మట్టిలో పెట్టింది. లేచాను. పదిహేను అడుగులకి వెళ్ళేదాకా అది తల ఎత్తలేదు, అంత అలుసైపోయాను దానికి. తల ఎత్తి పక్కకి తిరిగింది. కాల్చాను. పదకొండు అడుగులు నడిచింది, సత్తియ్య లెక్కపెట్టాడు. కూలబడింది. మళ్ళీ లేవలేదు.

కోసినప్పుడు గుండు దొరికింది. భుజం పలక దాటి, లోపలికి దిగి, అవతలి ఎముకకి తగిలి రేగు వడియంలా విచ్చుకుంది. ఆ గుండు ఈ కవర్లోనే పెట్టాను. మీ ఫోర్‌మన్‌కి చూపించు, మేనేజరుకి చూపించు. ఇది ధవళేశ్వరం వల సీసం, అక్షరం కలవనిది, రాజరత్నం నిజాయితీగా పంపినది అని నేను చెప్పానని చెప్పు. పంది పడకముందే, మొన్న ఆదివారం గుడిలో లేచి చెప్పేశాను కూడా. ఈసారి పేరు పెట్టే చెప్పాను. పాస్టరు గారు తొందరగా కీర్తన ఎత్తుకున్నారు.

ఇరవై ఎనిమిది సాళ్ళు మిగిలాయి. సంపూర్ణమ్మా నేనూ లెక్కేసుకున్నాం. గింజుకుంటే ఏడాది గడుస్తుంది. స్టేషన్లో రైటరు తుపాకీ పట్టుకుని, ఈ వయసులో ఇదెందుకమ్మా నీకు, ఉంచేసుకోమంటావా అన్నాడు. రసీదు రాయమన్నాను. రాసినది మాస్టారి చేత రెండుసార్లు చదివించుకున్నాను.

ఇక నువ్వు ఎదురు చూడని సంగతి. నీ మీద రెండు కేసులు నడిపాను. ఒకటి ఈ ఏటిది, అది నువ్వు గెలిచావు. రెండోది డెబ్భై ఒకటిది. దాని సంగతి ఇప్పుడు చెబుతాను. మాస్టారూ, కలం ఆపకుండా రాయండి.

ఆ రోజు మీ అన్న నువ్వు చెప్పినట్టే చేశాడు. తక్కెడలో పెట్టి పదికి ఒకటి తూచి మూకుట్లో వేశాడు. మిగిలిన అక్షరాలు గుడ్డలో మూటకట్టి గూట్లో పెట్టాడు. పుల్లలు తేవడానికి దొడ్లోకి వెళ్ళాడు. మూకుడు దగ్గర నన్ను కూర్చోబెట్టాడు. మూకుట్లో వేసిన అక్షరాలు అప్పుడే కరగడం మొదలుపెట్టాయి. ఒక్కొక్కటీ ముందు నిలబడింది, తర్వాత మొన వంగింది, తర్వాత ఏ అక్షరమో తెలియకుండా పోయింది. నాకు చూడ్డానికి బాగుంది. నా పెళ్ళికి, నా పొలానికి, అన్నిటికీ ఎవరో ఒకరు అక్షరాలు చూపించి నన్ను ముద్ర వెయ్యమన్నారు. అవి అలా నీరైపోతుంటే ఇంకొన్ని వేశాను. ఇంకొన్ని వేశాను. మూట ఖాళీ అయింది.

మీ అన్న వచ్చి పోశాడు. చల్లారాక కొరికాడు. గాటు పడలేదు. గూట్లో ఖాళీ గుడ్డ చూశాడు, నా వైపు చూశాడు. అప్పటికే పంది చేలో ఉందని కేక వినిపించింది. అదే గుండు పెట్టుకుని వెళ్ళాడు. సత్తియ్య కాలు విరిగాక, రాజరత్నం పంపిన అక్షరాల వల్లే అని నేను మొదట అన్నాను. మీ అన్న విన్నాడు, కాదనలేదు. ఆయన బతికినన్నాళ్ళూ కాదనలేదు. తమ్ముడి మీద పడ్డ మాటని పెళ్ళాం కోసం మోశాడు. ఆయన పోయాక నేనొక్కదాన్నే మోశాను. మోశానని చెప్పడం కూడా అబద్ధమే, నీ నెత్తిన పెట్టి తిరిగాను.

సత్తియ్యని పిలిపించి ఇదంతా మాస్టారి చేత చదివించి వినిపించాను. విన్నాడు. కర్ర ఎత్తాడు. చాలాసేపు ఎత్తే ఉంచాడు. తర్వాత కర్ర దించి, "పంది తొడ నాకు చిన్నది పంపావు సూరమ్మత్తా" అన్నాడు. రెండో తొడ కూడా పంపాను. తీసుకున్నాడు. అతను నన్ను క్షమించాడో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు. సాక్షి సంతకం పెట్టమంటే మాత్రం పెట్టాడు. సంతకం చెయ్యడం అతనికి వచ్చని నాకు ఇవాళే తెలిసింది.

ఇందులో ఉన్నదంతా నేను చెప్పగా రాసినదే, చదివించుకుని సరే అన్నదే. నువ్వు దీన్ని ఎవరికి చూపించుకున్నా, మీ ప్రెస్సులో అచ్చు వేయించుకున్నా నాకు అభ్యంతరం లేదు.

గెడ్డం సూరమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు:
సంపూర్ణమ్మ, కూతురు.
ఏసుపాదం, మిషన్ స్కూలు మాస్టారు. రాసినవారు.
సత్తియ్య. విరిగిన కాలు నాదే.